బోణి రక్తం

నాలుగు జిల్లాల మీదుగా సాగే సైకిలు యాత్ర బయలుదేరిన ఉదయం, తొక్కబోయే వాళ్లందరిలో ఒక్క ఆడపిల్ల చేతి నుంచి మాత్రమే రక్తం ఎందుకు తీశారు?

ఈ ప్రశ్న నేను జనగామలో అడిగాను. మహబూబాబాద్‌లో అడిగాను. చివరి రోజు భూపాలపల్లిలో సన్మాన సభ జరుగుతుండగా వేదిక దగ్గరికి వెళ్లి మరీ అడిగాను. ఒకచోట టీ తెప్పించారు, మరొకచోట కుర్చీ వేశారు, చివరి చోట నాకే శాలువా కప్పబోయారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. అడిగి అడిగి అలసిపోయాను. కనుక జరిగినదాన్ని జరిగిన వరుసలో రాస్తున్నాను.

నా పేరు లక్ష్మీకాంతమ్మ. జనగామలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. మాది వర్తకుల కుటుంబం. మా మరిది నర్సింగరావుకు మార్కెట్లో కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉంది. ఊళ్లోని వర్తక సేవా సమితికి అతడే అధ్యక్షుడు. ఆ సమితి ఏటా చలికాలంలో సైకిలు యాత్ర జరుపుతుంది. మొదటి రోజు జనగామ నుంచి మహబూబాబాద్, రెండో రోజు గూడూరు మీదుగా నర్సంపేట, మూడో రోజు చిట్యాల మీదుగా భూపాలపల్లి. ఉద్దేశం గొప్పదే. తలసేమియా ఉన్న పిల్లలకు నెలనెలా రక్తం ఎక్కించాలి. అందుకోసం అడవి అంచు తండాల నుంచి తల్లులు పిల్లలను వరంగల్ దాకా మోసుకుపోతున్నారు. భూపాలపల్లి ఆసుపత్రిలోనే అలాంటి పిల్లలకు ఒక ప్రత్యేకమైన గది కట్టించాలని విరాళాలు పోగుచేస్తున్నారు. ఆ ఉద్దేశంతో నాకు పేచీ లేదు.

నా పేచీ వ్యానుతో.

రక్తం తీసిన ఏటికి ముందటి ఏడాది యాత్రలో మొదటిసారి కళాశాల ఆడపిల్లలను చేర్చుకున్నారు. తెల్ల టీషర్టులు ఇచ్చారు, సైకిలు ముందు జెండాలు కట్టారు. పిల్లలు మార్కెట్ నుంచి ఊరి చివరి దాకా తొక్కారు. అక్కడ ఒక వ్యాను సిద్ధంగా ఉంది. పిల్లలనూ సైకిళ్లనూ దాంట్లోకి ఎక్కించి, మహబూబాబాద్ పొలిమేరలో దించి, ముఖాలు కడుక్కోమని చెప్పి, వేదిక దాకా మళ్లీ తొక్కించారు. ఫొటోలు బాగా వచ్చాయి.

ఆ పిల్లల్లో ఒకతె లాలి. గూడూరు దగ్గర ఒక తండా ఆమెది. జనగామలో హాస్టల్లో ఉండి, నేను పనిచేసిన కళాశాలలోనే డిగ్రీ చదువుతోంది. తండా నుంచి గూడూరు బడికి సైకిలు మీద పోయివస్తూ పెరిగిన పిల్ల. ఆమె చెల్లెలు సింధుకు తలసేమియా. యాత్ర ముగిశాక లాలి మా ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడే చెప్పింది.

"మేడం, మమ్ముల్ని వడ్ల బస్తాల లెక్క ఎక్కిచ్చిన్రు. నేను తొక్కుత అంటె డ్రైవర్ నవ్విండు. నా చెల్లె కోసం నడిచే యాత్రల నేను వ్యాన్ల కూసొని పోవుడేంది?"

నేను ఆ సాయంత్రమే మా మరిది దుకాణానికి వెళ్లాను. అతడు కాంటా వెనక కూర్చుని ఉన్నాడు.

"వదినె, ఆడపోరలు తొవ్వల సొమ్మసిల్లితె ఎవరు జవాబు?" అన్నాడు.

"మగపోరడు సొమ్మసిల్లితె ఎవరు జవాబు చెప్తరో, వాళ్లే."

"నీతోని మాట్లాడుడంటె మళ్ల కాలేజీల కూసున్నట్టే ఉంటది." అక్కడున్న గిరాకీలు నవ్వారు. అతడు ఒక షరతు పెట్టాడు. "సరే. ఒక్క పోరి. వచ్చే ఏడు మొదటిదినం మానుకోట దాక వ్యాన్ ఎక్కకుంట తొక్కి సూపెట్టమను. తొక్కిందా, ఆ తర్వాత ఆడోళ్లకు వ్యాన్ ముచ్చటే ఉండది. ఎక్కిందా, మళ్ల నువ్వు గీ ముచ్చట తియ్యద్దు."

మహబూబాబాద్‌ను ఇక్కడ అందరూ మానుకోట అనే అంటారు. ఒక పిల్ల కాళ్ల మీద మిగతా పిల్లలందరి హక్కును పందెం కాయడం న్యాయం కాదని నాకు తెలుసు. ఆ మాట అన్నాను కూడా. కానీ అంతకన్న మంచి బేరం దొరికే సూచన కనిపించలేదు. లాలి ఒప్పుకుంది. ఆ యాత్రలో చేరిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

యాత్రికుల కోసం శిక్షణ సూచనలు రాసివ్వమని సమితి నన్నే అడిగింది. శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పగలిగిన మనిషి వాళ్లకు ఉచితంగా దొరికింది మరి. రాసిచ్చాను. సీటు ఎంత ఎత్తులో ఉండాలంటే, పెడలు అడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా సాగాలి. అంతకన్న కిందికి ఉంటే మోకాలు చెడుతుంది. మాట్లాడుతూ తొక్కగలిగిన వేగమే మీ వేగం. మాట తెగుతుంటే వేగం తగ్గించాలి. ఆకలి వేయకముందే తినాలి, దప్పి కాకముందే తాగాలి. నీళ్లలో నిమ్మరసం, ఉప్పు, చక్కెర కలుపుకోవాలి. వారంలో ఒక రోజు సైకిలు ముట్టకూడదు, ఎందుకంటే కండరం బలపడేది తొక్కేటప్పుడు కాదు, విశ్రాంతిలో. యాత్ర దగ్గరపడే కొద్దీ సాధన దూరం తగ్గించుకోవాలి. కొత్త చెప్పులు, కొత్త సీటు యాత్ర రోజున మొదలుపెట్టకూడదు. యాత్రకు ముందు రెండు నెలల్లో ఎవరూ రక్తం ఇవ్వకూడదు. ఇచ్చే సంకల్పం ఉన్నవాళ్లు యాత్ర ముగిసి కోలుకున్నాక ఇవ్వాలి.

నెలసరి రోజుల్లో ఆడపిల్లలు తొక్కవచ్చునని, నొప్పి ఉంటే దూరం తగ్గించుకోవాలని, సిగ్గుపడి దాచుకోకూడదని కూడా రాశాను. అచ్చులో ఆ వాక్యం లేదు. అడిగితే, పది మంది చదివే కాగితమని చెప్పారు. పది మందిలో ఐదుగురు ఆడవాళ్లుంటారని నేను చెప్పాను. అప్పటికే కాగితాలు పంచేశారు.

లాలికి శిక్షణ వానలు తగ్గుముఖం పట్టిన నాటి నుంచి మొదలైంది. ఉదయం పాలకుర్తి రోడ్డు మీద ఆమె తొక్కేది. నేను వెనక ఆటోలో వెళ్లేదాన్ని. ఆటో ప్రకాశ్‌ది. అదే తండావాడు, లాలికి వరుసకు అన్న. ఆమె శ్వాస సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను ఆటోలోంచి పాఠాలు అడిగేదాన్ని. గుండెకు ఎన్ని గదులు, కాలేయం ఏ పక్కన ఉంటుంది, అలాంటివి.

"మేడం, పరీక్షలప్పుడు గూడ గిన్ని అడగరు," అనేది లాలి, తొక్కుతూనే.

"జవాబు చెప్పు చెల్లె, లేకుంటె నన్ను అడుగుతరు," అనేవాడు ప్రకాశ్. "నాకు ఇంజన్ కాడికే తెలుసు."

"అన్నా, నీకు ఇంజన్ గూడ తెల్వది. నిన్న తోసింది ఎవరు?"

అలా నవ్వుకుంటూనే దూరం పెరిగింది. మొదట్లో ఆమె రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తక్కువగా వచ్చింది. హాస్టలు భోజనానికి అంతకన్న ఎక్కువ రాదు. రోజూ మా ఇంట్లో తినిపించాను: తోటకూర, పెసరగుడాలు, బెల్లం పల్లీలు, నిమ్మకాయ. డాక్టరు రాసిచ్చిన ఇనుము మాత్రలు దగ్గరుండి వేయించాను. చలి మొదలయ్యేనాటికి ఆ అంకె ఉండవలసిన చోటికి చేరింది. ఆ అంకెను పెంచింది తొక్కడం కోసం. ఎవరో రక్తం తీసుకోవడం కోసం కాదు.

ఇక బోణి సంగతి. వర్తకుల ఇళ్లలో పుట్టినవాళ్లకు వివరించనక్కరలేదు, మిగతావాళ్లకు చెబుతాను. దుకాణం తెరిచాక మొదటి అమ్మకమే బోణి. మొదటి గిరాకీ ఉత్త చేతులతో తిరిగిపోతే ఆ రోజంతా బేరాలు సాగవని నమ్మకం. అందుకే నష్టానికైనా బోణి చేసుకుంటారు గాని గిరాకీని వదలరు. చేయి మంచిదని పేరున్న మనుషులను పిలిచి మరీ బోణి చేయించుకుంటారు. చేయించుకోవడం వరకు బాగానే ఉంటుంది. పిలిచిన మనిషి కాదంటే మాత్రం, ఆ రోజు చెడిన ప్రతి పనికీ ఆ మనిషి పేరే చెబుతారు.

మా మరిది జీవితంలో ప్రతి పనీ బోణితోనే మొదలవుతుంది. యాత్రకూ ఒకటి ఉండాలని అతడికి తోచింది. పిల్లల రక్తం కోసం చేసే యాత్ర గనుక రక్తంతోనే బోణి జరగాలి. ఆ అక్కర ఉన్న ఇంటి ఆడపిల్ల చేతి మీదుగా జరిగితే ఇంకా మంచిది. ఈ ఆలోచన ఎప్పుడు పుట్టిందో నాకు తెలియదు. నాకు గాని, లాలికి గాని ఎవరూ చెప్పలేదు. యాత్ర రోజు ఉదయం మార్కెట్ ముందుకు వెళ్లేసరికి ఫ్లెక్సీ మీద లాలి ఫొటో ఉంది. దాని కింద రక్తదాన శిబిరం అని రాసి ఉంది. పక్కన షామియానా, మంచాలు, తెల్లకోటు వేసుకున్న డాక్టరు, ఒక నర్సు.

"మన యాత్రకు బోణి, మన లాలి బిడ్డ చేతుల మీదికెల్లి!" అని మైకులో మా మరిది గొంతు వినిపించింది. చప్పట్లు మోగాయి.

నేను వేదిక ఎక్కాను. అతడు మైకు మీద అరచేయి పెట్టాడు.

"వదినె, బోణి కాడ కాదనద్దు. నీకు నేను చెప్పాల్నా?"

"ఆమె ఇయాల మానుకోట దాక తొక్కాలె. నీ షరతే అది."

"ఒక్క సంచి రక్తం. రెండు గ్లాసుల నీళ్లు తాగితె నిండుతది."

"నీళ్లు నిండుతయి. రక్తం నిండదు. ఎర్రకణాలు మళ్ల తయారుకావాలంటె వారాలు పడ్తది. ఇయాల ఇచ్చి ఇయాల తొక్కితె, కాలుకు గాలి అందదు."

"గా సైన్సు మా పోరడు రమాకాంత్‌కు చెప్పు, ఇంటడు. నాకెందుకు?" అన్నాడు. చేయి తీసి మళ్లీ మైకులో లాలి పేరు పిలిచాడు.

నేను కిందికి దిగి లాలి దగ్గరికి వెళ్లాను. హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"ఇయ్యనని చెప్పు," అన్నాను. "యాత్ర అయినంక, నీ పానం కుదురుకున్నంక నేనే తోల్కపోయి ఇప్పిస్త. ఇందుల తప్పేం లేదు."

లాలి మంచాల వైపు చూసింది. "మేడం, సింధుకు నెలనెల ఎవలదో ఒకలది ఎక్కుతది. వాళ్ల పేరు గూడ మాకు తెల్వదు. ఇగ నేను గింత మంది ముంగట, మైకుల పిలిస్తె, ఇయ్య అంటె..." హెల్మెట్ పట్టీ వేలికి చుట్టుకుంది. "రేపు మా యాడి దవాఖానల ఏ మొకం పెట్టుకొని అడుగుతది?"

యాడి అంటే వాళ్ల ఇంటి భాషలో తల్లి. తొక్కే హక్కు ఒక చేతిలో, చెల్లెలి కోసం చేయి చాచే హక్కు మరొక చేతిలో పెట్టి, మైకులో పిలిచి, ఎంచుకోమన్నారు. ఎంచుకోమన్నవాళ్లకు తామేం చేశారో తెలియదు. తెలియకపోవడాన్ని నేను మన్నించను.

లాలి వెళ్లి మంచం మీద పడుకుంది. సంచి నిండింది. ఫొటో తీశారు. నర్సు ఆమెకు బిస్కెట్లు, పండ్లరసం ఇచ్చి, రోజూ చెప్పే మాటలే చెప్పింది.

"అక్కా, ఇయాల బరువులు ఎత్తద్దు. ఎండల తిరగద్దు. సైకిల్ అసలే తొక్కద్దు."

లాలికి నవ్వు వచ్చింది. తన టీషర్టు ముందు భాగాన్ని రెండు చేతులతో లాగి చూపించింది. "అక్కా, గీడ ఏం రాసున్నదో జర చదువు."

నర్సు 'సైకిలు యాత్ర' అని పైకి చదివింది. "అయ్యో," అంది.

ఆ ఉదయం అక్కడ వినిపించిన మాటల్లో నిజాయతీ ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే. మరుక్షణమే మైకులో యాత్రికులను వరుసలోకి రమ్మన్నారు. దుకాణాల వాళ్లు, దారిన పోయేవాళ్లు కొందరు మంచాల దగ్గరికి నడిచారు. యాత్రికులు మాత్రం పూలదండలు వేయించుకుని నేరుగా సైకిళ్ల దగ్గరికి వెళ్లారు. అది నేను గమనించాను. కారణం అప్పటికి తోచలేదు.

జెండా ఊగింది. మా మరిది కొడుకు రమాకాంత్ అందరికంటే ముందున్నాడు. మంచి సైకిలిస్టు, మర్యాద తెలిసినవాడు. లాలి అందరికంటే వెనక. నేను ప్రకాశ్ ఆటోలో ఆమె వెంట. ఆటో వెనక, తగినంత దూరంలో, వ్యాను.

పాలకుర్తి దాకా ఆమె చక్కగానే తొక్కింది. వేగం సగానికి తగ్గించమన్నాను, తగ్గించింది. నిమ్మ ఉప్పు నీళ్లు, పల్లీ పట్టీ అందిస్తే తొక్కుతూనే తీసుకుంది. వరికోతల కాలం. రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. మిగిలిన సగంలో పత్తి లారీలు. ఆ రెంటి నడుమ సైకిలుకు మిగిలేది జానెడు దారి. ఒకచోట లారీ వచ్చి లాలి చక్రం వడ్ల అంచుకు తగిలింది. కాపలా ఉన్న ముసలవ్వ చేతికర్ర ఎత్తింది.

"ఓ బిడ్డ, నీ సైకిల్ తొక్కితె నా వడ్లు బియ్యమైతయా?"

"అయితె కూలి ఇస్తవా అవ్వా?"

"ఇస్త, మళ్ల రా!" అంది అవ్వ, నవ్వుతూ. "మగోళ్లందరు ఎప్పుడో పాయె. నువ్వేంది గింత నిమ్మలంగ?"

లాలి పెడలు నొక్కి ముందుకు సాగింది. అక్కడి నుంచి ఆమె మాటలు తగ్గడం మొదలైంది. తొర్రూరు దాటాక గుండె గదుల గురించి అడిగాను. "నాలుగు," అంది. కాసేపటికి మరొకటి అడిగాను. తల ఊపింది. ఇంకాస్త ముందుకు పోయాక ఏమడిగినా జవాబు రాలేదు. సైకిలు గీత తప్పి, వడ్ల వైపుకీ లారీల వైపుకీ ఊగసాగింది. ఆపమని ప్రకాశ్ కేకవేశాడు. ఆమె దిగి కల్వర్టు గట్టు మీద కూర్చుంది.

కింది రెప్ప లాగి చూశాను. తెల్లగా ఉంది. నాడి వడిగా, సన్నగా కొట్టుకుంటోంది. కాళ్లు పైకి పెట్టి పడుకోబెట్టి నీళ్లు తాగించాను.

"జర సేపు మేడం. మళ్ల ఎక్కుత," అంది.

ఎక్కింది కూడా. నాలుగడుగులు పోయి దిగింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది. ఈసారి కాలు అవతలికి వేయబోతుండగానే ఆమె, సైకిలు కలిసి ఆటో మీదికి ఒరిగాయి. ప్రకాశ్ పట్టుకున్నాడు. వాడి కళ్లలో నీళ్లున్నాయి. తల పక్కకు తిప్పుకున్నాడు.

వ్యాను వచ్చి ఆగింది. ఎవరో ఫోను చేశారు కాబోలు, ముందుకు వెళ్లిపోయిన రమాకాంత్ కూడా వెనక్కి తొక్కుకుంటూ వచ్చాడు.

"ఎక్కు చెల్లె," అన్నాడు. వెక్కిరింపు లేదు, మెత్తగానే అన్నాడు. "పానం కంటె ఎక్కువనా?"

లాలి అతడి వైపు చూడలేదు. నా వైపు చూసింది. "మేడం, మీరు చెప్పుండ్రి. మీరు తొక్కు అంటె తొక్కుత."

తొక్కమంటే తొక్కేది. లారీల మధ్య ఎక్కడో పడిపోయేది. నేను ఎక్కమని చెప్పాను. ఒక శరీరం తన చివరి అంచున ఉన్నప్పుడు, ఆ అంచు ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పవలసిన మాట అదే. ఆ మాటతో లాలి ఓడింది, ఆమె వెనక తొక్కవలసిన పిల్లలందరూ ఓడారు. ఆ మాట నా నోటి నుంచే రావలసి వచ్చింది. వ్యాను తలుపు మూసుకుంది. ఆమె కూర్చున్న గట్టు మీదే కూర్చున్నాను.

రమాకాంత్ నీళ్లు తాగుతున్నాడు. అలసట జాడైనా లేదు.

"పొద్దున నువ్వు రక్తం ఎందుకు ఇయ్యలే?" అని అడిగాను.

వాడు ఆశ్చర్యపోయాడు. "పెద్దమ్మా, నువ్వే రాసినవు గద. యాత్రకు ముందు రెండు నెలలు ఇయ్యద్దని. మేమందరం సదివినం. బాపు గూడ అన్నడు, తొక్కేటోళ్లు ఎవరు ఇయ్యద్దు, పెద్దమ్మ రాసింది అని."

"మరి లాలి?"

"ఆమె ముచ్చట వేరే గద పెద్దమ్మా. బోణి గద." సీసా మూత బిగించి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

వాడు అబద్ధమాడలేదు. ఎవరూ ఏదీ దాచలేదు. నా సూచనలను వాళ్లు నేను కోరుకున్నదానికన్న శ్రద్ధగా పాటించారు. మగవాళ్ల విషయంలో పాటించారు. లాలిని తొక్కే మనిషిగా వాళ్లు లెక్కించనే లేదు గనుక, తొక్కేవాళ్ల నియమం ఆమెకు వర్తిస్తుందని ఎవరికీ తట్టలేదు. షరతు పెట్టిన మా మరిదికి కూడా తట్టలేదు. ఇందులో కుట్ర ఉందని నేను అనడం లేదు. కుట్ర ఉంటే ఎవరినో ఒకరిని దోషిగా నిలబెట్టవచ్చు, అంతటితో అలసట తీరుతుంది. ఇక్కడ ఆ సౌకర్యం కూడా లేదు.

మహబూబాబాద్ సభలో లాలికి శాలువా కప్పారు. కూర్చున్న కుర్చీలోంచి ఆమె లేవలేకపోతే, కూర్చోబెట్టే కప్పారు. "మా బిడ్డ పొద్దున రక్తమిచ్చింది, మళ్ల గింత దూరం తొక్కింది. ఇంతకన్న ఏం కావాలె?" అన్నాడు మా మరిది మైకులో. చప్పట్లు బాగా మోగాయి. సభ ముగిశాక నేను నా ప్రశ్న అడిగాను. అతడు టీ తెప్పించాడు. నేను తాగలేదు.

"వదినె, నేను కాదంటలేను. తిప్పలు పడ్డది. కని ఎక్కింది గద? మాట మాటే."

మర్నాడు గూడూరు దాకా తొక్కి తల్లికి కనిపిస్తానని లాలి పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు. ప్రకాశ్ ఆమె సైకిలును ఆటో మీద కట్టి, ఆమెను తండాలో దింపి వచ్చాడు. దింపినప్పుడు సింధు పరుగెత్తుకుంటూ వచ్చి, అక్క వేసుకున్న టీషర్టు తనకు కావాలని అడిగిందట. లాలి విప్పి ఇచ్చేసిందట.

చలి వెనకపట్టు పట్టాక, రక్తపరీక్షలో అంకె మళ్లీ మునుపటి చోటికి చేరాక, లాలి అదే దారిన బయలుదేరింది. జెండా లేదు, మైకు లేదు. వెనక ఆటోలో నేను, ప్రకాశ్. ఈసారి రోడ్డు మీద వడ్లు లేవు. మానుకోట చేరేసరికి పొద్దు ఇంకా చాలా ఉంది. ఆమె దిగింది, నీళ్లు తాగింది, అటూ ఇటూ చూసింది. పలకరించినవాళ్లు లేరు. రెండో రోజు గూడూరులో తల్లి రోడ్డు పక్కకు వచ్చి రొట్టెలు ఇచ్చి వెళ్లింది. మూడో రోజు చిట్యాల దాటాక ఎదురుగాలి వీచింది. వంగి తొక్కమని చెప్పాను. సాయంత్రానికి భూపాలపల్లి చేరి ఒక టీ కొట్టు ముందు ఆగాం.

"ఎక్కడికెల్లి వస్తున్నరు?" అని అడిగాడు కొట్టతను.

"జనగామ," అంది లాలి.

"ఏ బస్సుకు దిగిన్రు?"

"బస్సు కాదు అన్నా. సైకిల్."

అతడు సైకిలు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, నన్నూ చూశాడు. "ఎందుకు?"

లాలి జవాబు వెతుక్కుంది. "ఊకెనే," అంది చివరికి. టీ తాగి గ్లాసు పెట్టేసింది. ఆమె ముఖంలో గెలుపు లేదు. నేనూ వెతకలేదు.

జనగామకు తిరిగి వచ్చి మా మరిదికి చెప్పాను. అతడు నిజంగానే సంతోషించాడు. "మంచిదే వదినె. గట్టి పోరి," అన్నాడు. ఆ వెంటనే, "కని గది యాత్ర కాదు గద. ఎవరు చూసిన్రు?" అన్నాడు. నేను చూశానన్నాను. "నువ్వు ఆమె దిక్కే గద," అన్నాడు. గిరాకీ వచ్చింది, కాంటా వైపు తిరిగాడు.

ఈ ఏటి యాత్ర నిబంధనలు అచ్చయ్యాయి. నా సూచనలను నన్ను అడగకుండానే మళ్లీ వేశారు. వాటి కింద ఒక నిబంధన కొత్తగా చేర్చారు: ఆడపిల్లలు ఊరి పొలిమేర దాకా మాత్రమే తొక్కాలి, అక్కడి నుంచి వ్యానులో రావాలి. కారణంగా నిరుటి అనుభవం అని రాశారు. లాలి పేరు లేదు. ఆమె చేతి నుంచి తీసిన రక్తం సంగతి లేదు. రక్తదాన శిబిరం మాత్రం ఈసారీ ఉంది. బోణికి మరొక ఆడపిల్లను చూస్తున్నారని విన్నాను.

నేను చేయగలిగినదంతా చేశాను. చెప్పాను, రాశాను, అడిగాను, వెంట తిరిగాను. ఇకపైన నా మాటతో కదిలేది లేదు, కదిలించగలిగినవాళ్లు మీరు. ఈ యాత్రలో తొక్కబోయే మగవాళ్లారా, మీరు లేకుండా యాత్ర లేదు. ఆ ఉదయం జనగామ మార్కెట్ ముందు వరుసలో నిలబడండి. జెండా ఊపనివ్వండి. ఆ నిబంధనను కొట్టివేశామని అదే మైకులో చెప్పేదాకా, మీలో ఒక్కరు కూడా పెడలు మీద కాలు పెట్టకండి.